ప్రభుత్వ ప్రయోగశాలలో పుట్టిన టెక్నాలజీని ఒకే కంపెనీకి అప్పగించవచ్చా?

జీనోమ్ వ్యాలీ వాసి:
నిస్సందేహంగా అప్పగించవచ్చు. కోవిడ్ టీకా కోవాగ్జిన్‌కు వైరస్‌ను ఇచ్చింది పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ, దాన్ని టీకాగా మలిచింది మన భారత్ బయోటెక్. నికర అమ్మకాలపై, ఆ వైరాలజీ సంస్థను నడిపే భారత వైద్య పరిశోధన మండలికి (ఐసీఎంఆర్) 5 శాతం రాయల్టీ. ఐసీఎంఆర్ పెట్టిన ఖర్చు 35 కోట్లు. 2022 జనవరి నెలాఖరుకే 171 కోట్లకు పైగా రాబట్టుకుంది. ప్రజల సొమ్ముకు నష్టమెక్కడ?

రసాయనశాస్త్ర విద్యార్థిని:
రాయల్టీ ఒక్కటే లెక్కా అండీ? 2021 ఏప్రిల్‌లో కంపెనీ ప్రకటించిన ధర రాష్ట్రాలకు డోసు 600, ప్రైవేటు ఆసుపత్రులకు 1,200 రూపాయలు. విమర్శలు రేగాక రాష్ట్రాలకు 400 చేశారు. ధరకు ముందే కళ్లెం వేసి ఉంటే అంతదాకా వచ్చేదా? ఇదే కంపెనీ, ఢిల్లీ ఎయిమ్స్‌లో దొరికిన వైరస్ రకంతో చేసిన రోటావాక్‌ను (పసిపిల్లల విరేచనాల టీకా) డోసు ఒక డాలరుకే ఇస్తానని విడుదలకు ముందే మాట ఇచ్చింది. అడిగితే ఒప్పుకుంటారు. అడగాలి.

జీనోమ్ వ్యాలీ వాసి:
రోటావాక్ పేరు మీరే ఎత్తారు కాబట్టి చెబుతాను. ఆ వైరస్ దొరికింది 1980లలో, టీకా వచ్చింది 2015లో. మూడో దశ పరీక్షలే దాదాపు 6,800 మంది పసిపిల్లలపై జరిగాయి. రేపు పక్క కంపెనీకీ ఇదే లైసెన్సు ఇస్తారంటే అన్నేళ్లు ఎవరు డబ్బు పోస్తారు?

వరి విత్తనాల మనిషి:
అందుకే అన్నింటికీ ఒకే పద్ధతి కుదరదంటాను. హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకు తెగులును తట్టుకునే సాంబ మసూరిని తెచ్చాయి, 2008లో విడుదలైంది. విత్తనానికి కర్మాగారం అక్కర్లేదు, రైతే పెంచుకుంటాడు. అలాంటిదాన్ని ఒక్కరి చేతిలో పెడితే అన్యాయమే.

రసాయనశాస్త్ర విద్యార్థిని:
టీకాకు పెట్టుబడి కావాలని నేనూ ఒప్పుకుంటాను. కొన్నేళ్లు ఒకే కంపెనీకి హక్కు ఇవ్వండి, కానీ కొరత వస్తే రెండో తయారీదారుకు ఇచ్చే అధికారం ప్రయోగశాల దగ్గరే ఉండాలి, ఆ ఏర్పాటు మొదటిరోజే జరగాలి. 2021లో టీకాలు చాలనప్పుడు ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌ను, ముంబై హాఫ్‌కిన్‌ను, బులంద్‌శహర్ బిబ్‌కాల్‌ను కోవాగ్జిన్ తయారీకి పిలిచారు. బతికున్న వైరస్‌తో పనిచేసే భద్రమైన ప్లాంటు నెలల్లో గానీ సిద్ధం కాదు. ఈలోగా కోవిడ్ రెండో అల తన పని తాను చేసుకుపోయింది. ఇక కోవాగ్జిన్ పేటెంటు దరఖాస్తులో ఐసీఎంఆర్ పేరే లేదు! పొరపాటున వదిలేశామని 2024 జూన్‌లో కంపెనీ చెప్పి, సహ యజమానిగా చేర్చింది. ప్రజల డబ్బుతో జరిగిన ఒప్పందాన్ని పూర్తిగా ప్రజల ముందు ఉంచి ఉంటే, ఆ లోటును ఎవరో ఒకరు ముందే పట్టుకునేవారు.