షట్‌డౌన్ కొడితే 90 సెకన్లు ఆగిపోతోంది, పవర్ బటన్ నొక్కేయొచ్చా?

పెంగ్విన్99:
డెబియన్ 12 (లినక్స్) సర్వర్. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది. మేమే రాసుకున్న పైథాన్ వర్కర్ ఒకటి సిస్టమ్‌డీ (సర్వీసులను మొదలుపెట్టి ఆపే ప్రోగ్రామ్) కింద సర్వీస్‌గా నడుస్తూ ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్‌లోకి (నెట్‌వర్క్‌లో వేరే మెషీన్ మీదున్న ఫోల్డర్) ఫైళ్లు రాస్తుంటుంది. పవర్‌ఆఫ్ కొట్టగానే "ఎ స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని ఆ వర్కర్ పేరుతో వస్తుంది, 1 నిమిషం 30 సెకన్ల లెక్క మొదలవుతుంది. ఒక్కోసారి లెక్క అయిపోగానే మెషీన్ ఆగుతుంది, ఒక్కోసారి ఆ తర్వాత కూడా కదలదు. మా డిస్క్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 కి ఎలాగూ జర్నల్ (మార్పులను ముందే రాసిపెట్టుకునే చిట్టా) ఉంది కదా, బటన్ నొక్కి పట్టుకుంటే నష్టమేంటి?

సిగ్నల్15:
జర్నల్ కాపాడేది ఫైల్‌సిస్టమ్ నిర్మాణాన్నండి, మీ ఫైల్లో ఉన్నదాన్ని కాదు. రాసింది ముందు ర్యామ్‌లో ఉంటుంది. డిఫాల్ట్ సెట్టింగ్‌లో 30 సెకన్లు పాతబడితే తప్ప కర్నల్ దాన్ని కచ్చితంగా డిస్క్‌కి పంపదు. కమిట్‌కి ఎఫ్‌సింక్ (వెంటనే డిస్క్‌కి రాయించే కాల్) చేసే పోస్ట్‌గ్రెస్ తట్టుకుని లేస్తుంది. ఎఫ్‌సింక్ లేని ప్రోగ్రాముల ఫైళ్లు మాత్రం సగంలో తెగిపోవచ్చు.

ఇక ఆ 90 సెకన్లు. సిస్టమ్‌డీ సర్వీసులను మొదలుపెట్టిన వరసకి తలకిందులుగా ఆపుతుంది. ఒక్కోదానికి సిగ్‌టెర్మ్ (ఆగమని అడిగే సిగ్నల్) పంపి, గడువు దాటితే సిగ్‌కిల్ (బలవంతంగా చంపే సిగ్నల్) వేస్తుంది. అవన్నీ అయ్యాక మిగిలిన ప్రాసెస్‌లను చంపి, స్వాప్ తీసి, మౌంట్లు (తగిలించిన ఫైల్‌సిస్టమ్‌లు) విప్పి, చివర్లో రీబూట్ సిస్టమ్ కాల్ చేస్తుంది. లెక్క పూర్తి కాగానే ఆగితే సిగ్‌కిల్ పనిచేసినట్టే, అంటే వర్కర్ సిగ్‌టెర్మ్‌ని పట్టించుకోలేదు. తర్వాత కూడా ఇరుక్కుంటే అది డి స్టేట్‌లో (సిగ్నల్‌కి కూడా లేవని నిద్ర) ఉందన్నమాట, ఎన్‌ఎఫ్‌ఎస్ జవాబు కోసం కర్నల్ లోపల కూర్చుంది. ముందు పోయినసారి బూట్ లాగ్ చూడండి. /var/log/journal ఫోల్డర్ లేకపోతే లాగ్ ర్యామ్‌తోనే పోతుంది, ఆ ఫోల్డర్ సృష్టించుకోండి.

రూట్‌బాబు:
ఇంత తంటా ఎందుకు? సిస్టమ్‌డీ కాన్ఫిగ్‌లో డిఫాల్ట్ స్టాప్ టైమౌట్ 10 సెకన్లు పెట్టేయండి, అయిపోద్ది.

బఫర్‌పూల్:
వద్దు. అది సొంత గడువు రాసుకోని ప్రతి సర్వీసుకీ వర్తిస్తుంది. అలాంటి డేటాబేస్ ఉంటే, అది ఆగేముందు చెక్‌పాయింట్ రాస్తుంది, అంటే ర్యామ్‌లోని మార్పులన్నీ డిస్క్‌కి దించుతుంది. షేర్డ్ బఫర్లు (ఆ ర్యామ్ భాగం) పెద్దవైతే, డిస్క్ నెమ్మదైతే 10 సెకన్లు చాలవు. మధ్యలో సిగ్‌కిల్ పడితే మళ్లీ లేచేటప్పుడు క్రాష్ రికవరీ తప్పదు. ఇంకోటి, పోస్ట్‌గ్రెస్‌కి సిగ్‌టెర్మ్ అంటే క్లయింట్లు అందరూ వెళ్లేదాకా వేచి చూసి, అప్పుడు ఆగమని. వెంటనే కనెక్షన్లు తెంచి శుభ్రంగా ఆగాలంటే సిగ్‌ఇంట్ పంపాలి. గడువు తగ్గించాలనుకుంటే వర్కర్ యూనిట్‌లో (దాని సిస్టమ్‌డీ సెట్టింగ్ ఫైల్) మాత్రమే తగ్గించండి.

పెంగ్విన్99:
లాగ్ చూశాను. కొన్నిసార్లు "స్టాప్-సిగ్‌టెర్మ్ టైమ్డ్ అవుట్, కిల్లింగ్", కొన్నిసార్లు "ప్రాసెసెస్ స్టిల్ అరౌండ్ ఆఫ్టర్ సిగ్‌కిల్". వర్కర్‌లో సిగ్‌టెర్మ్ హ్యాండ్లర్ ఉంది, ఒక ఫ్లాగ్ మారుస్తుంది. లూప్‌లో 5 నిమిషాల స్లీప్ ఉంది.

సిగ్నల్15:
రెండు జబ్బులూ ఉన్నాయి.

మొదటిది ఆ స్లీప్. పైథాన్ 3.5 నుంచి హ్యాండ్లర్ మామూలుగా తిరిగొస్తే స్లీప్ మిగిలిన సమయమంతా పూర్తి చేస్తుంది. మీ ఫ్లాగ్‌ని అప్పటిదాకా చూసే నాథుడే లేడు. హ్యాండ్లర్‌లో సిస్టమ్‌ఎగ్జిట్ రైజ్ చేయండి, ఫైల్ మూసే పని ఫైనల్లీ బ్లాకులో పెట్టండి.

రెండోది వరస. యూనిట్‌లో ఆఫ్టర్ లైన్ (దేని తర్వాత మొదలవ్వాలో చెప్పేది) ఏదీ లేకపోతే సిస్టమ్‌డీ వర్కర్‌నీ, నెట్‌వర్క్‌నీ ఒకేసారి ఆపేస్తుంది. నెట్‌వర్క్ ముందు పోతే, హార్డ్ మౌంట్ (సర్వర్ జవాబిచ్చేదాకా ప్రయత్నిస్తూనే ఉండే డిఫాల్ట్ పద్ధతి) కాబట్టి ఆ రైట్ ఎప్పటికీ తిరిగి రాదు. యూనిట్ సెక్షన్‌లో రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అని రాసి షేర్ పాత్ ఇవ్వండి. అప్పుడు వర్కర్ మౌంట్ తర్వాతే మొదలవుతుంది, మౌంట్ విప్పే ముందే ఆగుతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ నెట్‌వర్క్ మౌంట్ అని సిస్టమ్‌డీకి తెలుసు, ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్ల జాబితా ఫైల్) _netdev అనే ఆప్షన్ అక్కర్లేదు. ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా వచ్చే డిస్క్) మీద ఈఎక్స్‌టీ4 లాంటివాటికే అది కావాలి. హార్డ్‌ని సాఫ్ట్ మౌంట్ (కొంతసేపటికి ప్రయత్నం మానేసేది) చేసుకోమని ఎవరైనా అంటే వినకండి, టైమౌట్‌కి రైట్లు పోతాయి.

బఫర్‌పూల్:
అయినా ఇరుక్కుంటే పవర్ బటన్‌కి ముందు ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ (ప్రింట్‌స్క్రీన్ కీ, నేరుగా కర్నల్‌కి ఆదేశాలిచ్చేది) పట్టుకుని ఎస్, యు, ఓ వరసగా నొక్కండి: సింక్, రీడ్-ఓన్లీ, పవర్ ఆఫ్. ఎస్ నొక్కాక "ఎమర్జెన్సీ సింక్ కంప్లీట్" కనిపించేదాకా ఆగాలి. నెట్‌లో చెప్పే "ఈ", "ఐ" కీలు (అన్ని ప్రాసెస్‌లకూ సిగ్‌టెర్మ్, సిగ్‌కిల్ పంపేవి) డెబియన్‌లో డిఫాల్ట్‌గా పనిచేయవు. ఏ సిస్‌ఆర్‌క్యూ పనులు అనుమతించాలో చెప్పే విలువ అక్కడ 438 (ఒక్కో పనికి ఒక్కో అంకె కలిపిన మొత్తం), సిగ్నల్స్‌కి కావాల్సిన 64 అందులో లేదు.