పని రాదని ముద్ర వేసి తీసేయడం న్యాయమేనా?

బైరాగిపట్టెడ అన్న:
మా తమ్ముడు బెంగళూరులో ఒక పెద్ద టెక్ కంపెనీలో ఆరేళ్ళు పనిచేశాడు. పోయిన నెల పావుగంట కాల్‌లో విషయం చెప్పి పంపించేశారు. కారణం అడిగితే ‘పర్ఫార్మెన్స్’ అన్నారు. మార్చిలో వచ్చిన రేటింగ్‌లో మాత్రం అంచనాలకు తగ్గట్టే పనిచేస్తున్నాడని ఉంది. ల్యాప్‌టాప్ అక్కడే ఇచ్చేసి శుక్రవారం రాత్రి బస్సెక్కి తిరుపతి వచ్చేశాడు. అమ్మ బ్యాగు ఎత్తి పక్కన పెడుతూ ‘ఇంత తేలిగ్గా ఉందేమిరా’ అంది. వాడు ఏమీ చెప్పలేకపోయాడు.

2022 నవంబర్‌లో ఫేస్‌బుక్ నడిపే మెటా కంపెనీ 11,000 మందిని తీసేసినప్పుడు, తన అంచనా తప్పిందని దాని అధిపతి జుకర్‌బర్గ్ బాధ్యత తన మీద వేసుకున్నాడు. 2025లో సుమారు 5 శాతం మందిని తీసేసేటప్పుడు మాత్రం వాళ్ళు పని సరిగ్గా చేయనివాళ్ళని ముందే అందరికీ తెలిసేలా చెప్పారు. ఉద్యోగం రెండుసార్లూ పోయింది. కానీ మొదటిదైతే వీధిలో ‘పాపం, కంపెనీ తీసేసింది’ అంటారు. రెండోదైతే ‘వీడేం చేశాడో’ అంటారు. మావాడికి సంబంధాలు చూస్తున్నాం. మొన్న ఒకరు సరిగ్గా ఆ మాటే అడిగారు. ఖర్చు తగ్గించుకోవాలంటే ఆ మాటే చెప్పొచ్చు కదా, మనిషి పనిని తప్పు పట్టడం దేనికి?

చిత్తూరు మేనేజర్:
అన్నా, తమ్ముడి విషయం చదివి బాధేసింది. కానీ నేను తొమ్మిదేళ్ళుగా టీమ్ నడుపుతున్నాను, రెండో వైపు కూడా చెప్పాలి. ఎనిమిది మందిలో ఒకరు పని వదిలేస్తే అదంతా మిగతా ఏడుగురి మీద పడుతుంది. మా టీమ్‌లో ఒకమ్మాయి ఏడాది పాటు ఇంకొకరి కోడ్ సరిదిద్దుతూ రాత్రి రెండింటికి పడుకునేది. చివరికి రాజీనామా చేసింది ఆ అమ్మాయే. నేను అప్పుడు గట్టిగా నిర్ణయం తీసుకోలేదు, అది నా తప్పు. పని చూసి తీసేయడమే అన్యాయమంటే నేను ఒప్పుకోలేను.

తిరుచానూరు అక్క:
పన్నెండేళ్ళుగా చెన్నైలో హెచ్ఆర్‌లో ఉన్నాను. తమ్ముడూ, నువ్వు చెప్పినట్టు పని చేయనివాళ్ళను తీసేస్తే నాకూ అభ్యంతరం లేదు. కానీ లోపల జరిగేది వేరు. ‘మీ విభాగం నుంచి ఇంతమంది’ అని పైనుంచి ముందు సంఖ్య వస్తుంది. పేర్లు తర్వాత వెతుకుతారు. మేనేజర్ ఇచ్చిన రేటింగ్‌ను మీటింగ్‌లో బెల్ కర్వ్‌కు, అంటే పైన కొందరు, మధ్యలో ఎక్కువమంది, అడుగున కొందరు ఉండాలన్న లెక్కకు, సరిపెట్టి కిందికి దించుతారు. టీమ్ అంతా బాగా చేసినా ఎవరో ఒకరు అడుగున ఉండాల్సిందే. కొన్నిసార్లు నిర్ణయం అయిపోయాక పిప్ పెడతారు, అంటే పని మెరుగుపరుచుకోమని రెండు నెలల గడువు ఇస్తారు. ఆ రెండు నెలలు ఆ మనిషి నిజంగానే బాగుపడాలని రాత్రింబవళ్ళు కష్టపడతాడు. అది చూసి తట్టుకోవడం నావల్ల కాలేదు.

అమెరికా కంపెనీ జీఈలో దాని అధిపతిగా ఉన్న జాక్ వెల్చ్ ఏటా అడుగున ఉన్న 10 శాతం మందిని పంపించే పద్ధతి పెట్టాడు. మైక్రోసాఫ్ట్ కూడా ఇలాంటి ర్యాంకుల పద్ధతే నడిపి, 2013లో వదిలేసింది. పక్కవాడు పైకొస్తే నేను కిందికి పోతానన్న భయం ఉన్నచోట ఎవరూ ఎవరికీ సాయం చేయరు. మెటాలో 2025లో ఉద్యోగం పోయినవాళ్ళలో కొందరు తాము ప్రసూతి సెలవులో ఉన్నామని బయటికి వచ్చి రాశారు. సెలవులో ఉన్న తల్లి పనిని ఏ లెక్కన కొలిచారు?

బంగారుపాళ్యం రైతుబిడ్డ:
మాది మామిడి తోట. 2025లో తోతాపురి ధర పడిపోయింది. గుజ్జు నిల్వలు మిగిలిపోయాయని ఫ్యాక్టరీలు చెప్పాయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు సాయం ప్రకటించింది. మేము నష్టపోయాం. కానీ మీ కాయ పనికిరాదని ఎవరూ అనలేదు, అందుకే మళ్ళీ తోటకు నీళ్ళు కట్టాం. అదే మాట అనుంటే మా నాయన చెట్లు కొట్టేసేవాడు.

చిత్తూరు మేనేజర్:
అక్కా, సంఖ్య ముందు వచ్చి పేర్లు తర్వాత వస్తే అది పర్ఫార్మెన్స్ కాదు, ఒప్పుకుంటాను. కానీ పనిని పక్కన పెడితే దేన్ని చూడాలి? 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో కార్మికులకు పెట్టిన సూత్రం, చివర చేరినవాళ్ళు ముందు పోవడం. అలా చేస్తే నిన్నగాక మొన్న క్యాంపస్ నుంచి వచ్చిన పిల్లలు, ఇంకా చదువు అప్పు తీరనివాళ్ళు ముందు పోతారు. అదీ న్యాయం అనిపించడం లేదు.

తిరుచానూరు అక్క:
పని చూడు తమ్ముడూ, కాదనను. ఏడాది పొడవునా చూడు, లోపం ఉంటే ఆ నెలలోనే కాగితం మీద పెట్టు, దిద్దుకోవడానికి టైమ్ ఇవ్వు. మార్చిలో బాగుందని రాసి తర్వాత బాగాలేదని పంపించేస్తే, ఆ రెండింటిలో ఒకటి అబద్ధం.
బైరాగిపట్టెడ అన్నా, తమ్ముడి రిలీవింగ్ లెటర్‌లో కారణం రాశారా?

బైరాగిపట్టెడ అన్న:
లేదక్కా, తేదీలు, హోదా మాత్రమే ఉన్నాయి. మార్చి రేటింగ్ మెయిల్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. కాపీ కావాలని రాత్రి వాడి చేత హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టించాను. పంపేముందు ‘వాళ్ళు చెప్పిందే నిజమేమో అన్నా’ అన్నాడు. ఆరేళ్ళ పని మీద వాడికే అనుమానం వచ్చేసింది. జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.