అక్రమాన్ని బయటపెట్టాలనుకునే ఉద్యోగికి రక్షణ ఎంత? ఫోన్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: బ్రాడీపేట వాసి, గుంటూరు

అందరికీ నమస్కారం. మా తమ్ముడు విజయవాడలో ఒక కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో ఇంజినీరు. జరగని పనులకు ఎం.బుక్‌లో (పనుల కొలతలు నమోదు చేసే పుస్తకం) కొలతలు రాసి, బిల్లులు పాస్ చేయించిన వైనం అతని కంటపడింది. ఆ పేజీలను తన ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఫిర్యాదు చేసి తీరాలని పట్టుదలగా ఉన్నాడు, నేనూ వద్దనడం లేదు. అయితే సంతకం లేకుండా ఆకాశరామన్న ఉత్తరం రాస్తే పట్టించుకుంటారా, పేరు రాస్తే చట్టం కాపాడుతుందా, ఈ విషయాలు మేము వాట్సాప్‌లో మాట్లాడుకుంటే ఎవరైనా వినగలరా అన్నవి నా సందేహాలు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: విశ్రాంత విజిలెన్స్ ఉద్యోగి, విజయవాడ

అమ్మా, ముందుగా చట్టం సంగతి చెబుతాను. అక్రమాలను బయటపెట్టేవారి రక్షణ చట్టానికి 2014 మేలో రాష్ట్రపతి ఆమోదం లభించింది కానీ, దానిని అమలులోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం వెలువడలేదు. కాబట్టి ఆ చట్టాన్ని నమ్ముకుని అడుగు వేయవద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి. ప్రస్తుతం ఆధారం 2004 ఏప్రిల్ 21 నాటి ప్రభుత్వ తీర్మానం ఒక్కటే. మా ఆఫీసుల్లో దానిని పీఐడీపీఐ (ప్రజాహితం కోసం సమాచారం వెల్లడించేవారి రక్షణ తీర్మానం) అంటారు. అది కేంద్ర ప్రభుత్వ శాఖలకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు వర్తిస్తుంది కనుక మీ తమ్ముడు దాని పరిధిలోకి వస్తాడు. అక్రమం రాష్ట్ర ప్రభుత్వ శాఖలో జరిగి ఉంటే ఈ దారి ఉండేది కాదు.

ఆ తీర్మానం ఊరికే రాలేదు. జాతీయ రహదారుల సంస్థ ఇంజినీరు సత్యేంద్ర దూబే స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లోని అవినీతిపై 2002లో ప్రధానమంత్రికి లేఖ రాస్తూ తన పేరు గోప్యంగా ఉంచమని వేడుకున్నారు. ఆ లేఖ పేరుతో సహా ఫైళ్లలో చేతులు మారింది. 2003 నవంబరు 27న గయలో ఆయన హత్యకు గురయ్యారు. దోపిడీ దొంగలే చంపారని సీబీఐ తేల్చింది, అది వేరే చర్చ. గోప్యత కోరిన మనిషి పేరును అన్ని బల్లల మీదుగా తిప్పడం మాత్రం ఎవరూ సమర్థించలేని తప్పు. ఆ తర్వాత సుప్రీంకోర్టు గట్టిగా అడిగితేనే ఈ ఏర్పాటు వచ్చింది.

ఇక పద్ధతి. ఫిర్యాదును కవరులో పెట్టి అంటించి, కవరు పైన పీఐడీపీఐ కింద ఫిర్యాదు అని స్పష్టంగా రాసి, ఢిల్లీలోని కేంద్ర విజిలెన్స్ కమిషన్ కార్యదర్శికి పంపాలి. పేరు, చిరునామా కవరు మీద రాయకూడదు, లోపల విడి కాగితం మీద రాసి జతచేయడం మేలు. పంపేవారి చిరునామా కోసం పట్టుబట్టవద్దని తపాలా శాఖ ఇటువంటి కవర్ల విషయంలో ఆదేశాలిచ్చింది. సంతకం లేని ఉత్తరాన్ని ఈ తీర్మానం కింద తీసుకోరు కనుక ఆకాశరామన్న ఉత్తరం వృథా. ఫిర్యాదు పాఠంలో ‘నేను ఫలానా రోజు సైటుకు వెళ్లినప్పుడు’ వంటి మాటలు ఉంటే పేరు రాసినట్లే, వాటిని తీసేయమనండి.

జవాబు: కంప్యూటర్ భద్రతా రంగ ఉద్యోగి, పటమట

వాట్సాప్ సందేశం దారిలో ఉండగా ఎవరూ చదవలేరు, 2016 నుంచి ఆ ఏర్పాటు పూర్తిగా ఉంది. అయితే ఆ ఫోనే ఇతరుల చేతికి చిక్కినా, క్లౌడ్‌లో దాచిన బ్యాకప్‌కు ఆ రక్షణను మనం విడిగా ఆన్ చేసుకోకపోయినా, దారిలో ఉన్న భద్రత అక్కరకు రాదు.

నా దృష్టిలో అసలు ప్రమాదం ఆఫీసు కంప్యూటరులోనే ఉంది. ఏ ఫైలు ఎవరు తెరిచారో, ఎవరు ప్రింటు తీశారో అక్కడ నమోదవుతుంది. అమెరికాలో 2017లో రియాలిటీ విన్నర్ అనే కాంట్రాక్టు ఉద్యోగిని ఒక రహస్య నివేదికను పత్రికకు పంపింది. ఆ నివేదికను ప్రింటు తీసినవారు ఆరుగురే అని తేలింది. వారిలో ఆఫీసు కంప్యూటరు నుంచి ఆ పత్రికతో మెయిల్ నడిపింది ఆమె ఒక్కతే. ఆమెను పట్టుకోవడానికి ఎవరి ఫోనూ ట్యాప్ చేయవలసిన పని రాలేదు. 63 నెలల జైలు శిక్ష పడింది. అందువల్ల ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, ఆఫీసు వైఫైలో ఈ పనికి సంబంధించినది ఒక్క అక్షరం కూడా టైపు చేయవద్దు. ఫొటోల్లో తీసిన సమయం, చోటు, ఫోన్ మోడల్ దాగి ఉంటాయి కనుక సాఫ్ట్ కాపీలు ఎవరికీ పంపవద్దు. ఆఫీసు వీధిలోని జిరాక్స్ సెంటరుకు కూడా వెళ్లవద్దు.

బ్రాడీపేట వాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి ప్రభుత్వమే వినాలనుకుంటే అడ్డుకునేవారు ఎవరైనా ఉన్నారా?

జవాబు: న్యాయవాది, గుంటూరు

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ట్యాపింగ్‌కు హోం కార్యదర్శి ఆదేశం కావాలి. అది సాధారణంగా 60 రోజులు చెల్లుతుంది, పొడిగించినా 180 రోజులు దాటకూడదు. కానీ ఆ ఆదేశం సబబో కాదో చూసే సమీక్షా కమిటీలో ఉండేది అధికారులే. న్యాయమూర్తి ముందస్తు అనుమతి అక్కరలేదని 1996లో సుప్రీంకోర్టే అంగీకరించింది. ఈ ఏర్పాటు నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. విన్నవారే వినడం న్యాయమో కాదో తేలుస్తుంటే, వినబడినవారికి ఆ సంగతి ఎన్నటికీ తెలియదు.

ఫోన్లలోకి చొరబడే నిఘా సాఫ్ట్‌వేర్ పెగసస్ వ్యవహారంలో మన ఒకప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి.రమణ నాయకత్వంలోని ధర్మాసనం 2021 అక్టోబరులో నిపుణుల కమిటీని వేసింది. పరిశీలించిన 29 ఫోన్లలో అయిదింటిలో హానికర సాఫ్ట్‌వేర్ కనిపించింది, అది పెగసస్ అని మాత్రం నిర్ధారణ కాలేదు. ప్రభుత్వం సహకరించలేదని కమిటీ చెప్పినట్లు కోర్టులోనే వెల్లడించారు. అయితే అమ్మా, బిల్లుల అక్రమం బయటపెట్టే ఇంజినీరు కోసం అంత ఖరీదైన సాధనం వాడతారని నేను అనుకోను. మీ తమ్ముడు భయపడవలసింది పక్క సీటులోని మనిషికి.

జవాబు: సత్యనారాయణపురం వాసి

ఇంత తతంగం ఎందుకండీ? అమెరికా నిఘా రహస్యాలను బయటపెట్టిన స్నోడెన్‌లాగా నేరుగా పత్రికలకు ఇచ్చేస్తే సరిపోదా?

జవాబు: విశ్రాంత విజిలెన్స్ ఉద్యోగి, విజయవాడ

స్నోడెన్ 2013లో పత్రికలకు ఇచ్చిన తర్వాత స్వదేశానికి తిరిగి రాలేకపోయారు బాబూ. ఆయన బయటపెట్టిన ఫోన్ రికార్డుల సేకరణ చట్టవిరుద్ధమని 2020లో అమెరికా అప్పీలు కోర్టు చెప్పినా ఆయనపై కేసు అలాగే ఉంది. పైగా మనకు, విషయం ముందే బహిరంగమైతే పీఐడీపీఐ రక్షణ అడిగే అవకాశం పోతుంది. పత్రికకు ఇవ్వడం తప్పు అని నేను అనను, కానీ అది మొదటి మెట్టు కాకూడదు.

అమ్మా, మరొక ముఖ్య విషయం. ఫిర్యాదు పంపింది తనేనా అని నిర్ధారించుకోవడానికి కమిషన్ నుంచి ఒక ఉత్తరం వస్తుంది. దానికి జవాబు రాయకుండా వదిలేయవద్దు. విజయవాడ క్వార్టర్స్ చిరునామా ఇస్తే ఆ కవరు తోటి ఉద్యోగుల చేతిలో పడవచ్చు కనుక గుంటూరులోని మీ ఇంటి చిరునామా ఇవ్వమనండి.