దొరువు నీళ్లు తోడే గాలిమర సొంతంగా కట్టుకోవచ్చా?

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా, కొత్తపట్నం దగ్గర. ఎకరంలోపు ఇసుక నేలలో ఆకుకూరలు, కాస్త వేరుశనగ వేస్తాం. దొరువులో, అంటే ఇసుకలో తవ్వుకున్న లోతులేని నీటిగుంటలో, నీళ్లు పైపైనే ఉంటాయి, తోడటమే కష్టం. కరెంటు లైను దూరం. ఇంజనుకు డీజిల్ పోసీ పోసీ చేతులు కాలిపోతున్నాయి. గాలికి మాత్రం కొదవ లేదు. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి తలపాగా కూడా నిలవనివ్వదు!

అస్సాంలో ఇద్దరు అన్నదమ్ములు వెదురుతో గాలిమర కట్టి చేతిపంపుకు తగిలించారట. ఆ నమూనాయే తర్వాత గుజరాత్ ఉప్పు మళ్లకూ వెళ్లిందని చదివాను. వెదురు లేకపోతే మనకు సరుగుడు వాసాలున్నాయిగా. క్రాంకు (చక్రం తిరుగుడును పైకీ కిందికీ కదలికగా మార్చే వంపు కడ్డీ) పని మా ఊరి వెల్డింగ్ షాపులో చేయించగలను, కానీ పంపు రాడ్డుకు స్ట్రోకు, అంటే అది పైకీ కిందికీ కదిలే దూరం, ఎంత పెట్టమనాలి? మామూలు గాలికే తిరగాలంటే రెక్కలు ఎన్ని ఉండాలి?

అసలు టెన్షన్ తుఫానులతో. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. అప్పుడు చక్రం దానంతటదే గాలికి పక్కకు తిరిగిపోయేలా తోక ఎలా అమర్చాలి? ఉప్పుగాలికి బేరింగులు ఎన్నాళ్లు ఆగుతాయి, చెక్క బుష్షులు నయమా? సోలార్ పెట్టుకోమని చాలామంది చెప్పారు, అది వేరే లెక్క. కట్టి వాడినవాళ్లుంటే క్రాంకు, తోక ఫొటోలు పెట్టండి, ఖర్చెంతయిందో కూడా చెప్పండి.