ఆయిల్ షేల్ గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పరూ

నమస్తే అండి. మాది విశాఖ, గాజువాక. ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను. వచ్చే వారం సెమినార్‌లో 'ఆయిల్ షేల్‌తో మన చమురు కొరత తీరుతుందా' అని మాట్లాడాలి. ఒకటే టెన్షన్.

మొదట్లో నేనూ ఆయిల్ షేల్ అంటే అమెరికాలో ఫ్రాకింగ్ చేసి (అధిక పీడనంతో నీళ్లు పంపి రాయిని పగలగొట్టి) తీసే షేల్ ఆయిలే అనుకున్నాను. కాదట. ఆయిల్ షేల్ అనే రాయిలో ఉండేది ద్రవం కాదు, కెరోజెన్ అనే ఘన సేంద్రియ పదార్థం. ఆ రాయిని గాలి తగలకుండా సుమారు 500 డిగ్రీలకు వేడి చేస్తేనే నూనె వస్తుంది. ఎస్టోనియా దాన్ని నేరుగా బాయిలర్లలో మండించి దశాబ్దాలుగా కరెంటు తీస్తోంది. మన దగ్గర అస్సాం, అరుణాచల్ బొగ్గు పొరల వెంట ఈ రాయి ఉంది.

ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే కాబట్టి ఆశగానే ఉంది. కానీ రిఫైనరీలో పనిచేసే మా బాబాయి ఒక్క మాటతో నీళ్లు చల్లేశారు: "వేడి చేయడానికే బోలెడు ఇంధనం పోతే మిగిలేదేంట్రా?" పైగా ఆ నూనెలో నైట్రోజన్ ఎక్కువట, హైడ్రోజన్‌తో శుద్ధి చేయక తప్పదట.

ఖర్చయిన శక్తి, వచ్చిన శక్తి లెక్క ఎలా కట్టాలి? బూడిద, నీటి వాడకం కూడా అందులో కలపాలా? ఈ రంగంలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. గూగుల్ చేయమని మాత్రం అనకండి, అక్కడే తికమకపడ్డాను.