ఆర్స్ మ్యాజికా అనే రోల్‌ప్లేయింగ్ గేమ్ మంత్రాలని డీఅండ్‌డీ ఫైవ్ ఈ (డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్)లోకి తెచ్చినవాళ్లున్నారా?

నిప్పురవ్వ
మా విజార్డ్ (మంత్రగాడి పాత్ర) ప్లేయర్‌కి స్పెల్ లిస్టు మీద విసుగొచ్చేసింది. "పుస్తకంలో ఉన్నవే వెయ్యాలా, నాకు తోచింది వెయ్యకూడదా?" అని ప్రతి సెషన్‌లో ఒకటే గొడవ. ఆర్స్ మ్యాజికా పద్ధతి చూపిస్తే కళ్లు మెరిశాయి. క్రియో, ఇంటెలెగో, మూటో, పెర్డో, రెగో (పుట్టించడం, తెలుసుకోవడం, మార్చడం, నాశనం చేయడం, నడిపించడం) అని ఐదు టెక్నిక్‌లు. ఇగ్నెమ్, టెర్రమ్, కార్పస్, మెంటెమ్ (నిప్పు, నేల, శరీరం, మనసు) లాంటి ఫామ్‌లు పది. ఇందులోంచి ఒకటి, అందులోంచి ఒకటి కలిపితే మంత్రం. క్రియో ఇగ్నెమ్‌తో నిప్పు పుడుతుంది, పెర్డో టెర్రమ్‌తో రాయి పిండవుతుంది.
మాది ఐదో లెవెల్ క్యాంపెయిన్, 2014 రూల్స్. మిగతావాళ్లు ఫైటర్, రోగ్, క్లెరిక్. స్పెల్ స్లాట్లు (రోజుకి ఇన్ని మంత్రాలే అనే కోటా) తీసేస్తే వాటి బదులు ఏం పెట్టాలి? ఆడినవాళ్లు చెప్పండి.

డీఎం_బైరాగి
మేం ఆడాం, ఇంకా ఆడుతున్నాం. మంత్రాలు తేవడం తేలికే. వాటి ఖర్చు ఎక్కడ పడాలన్నదే అసలు తలనొప్పి.
ఆర్స్‌లో అప్పటికప్పుడు అల్లిన మంత్రానికి టెక్నిక్, ఫామ్, స్టామినా, పాచిక అన్నీ కూడి, వచ్చినదాన్ని రెండుతో భాగిస్తారు. పైగా ఒక మెట్టు అలసట. అలసట వద్దనుకుంటే ఐదుతో భాగించుకోవాలి. ఇది చదవగానే ఎవరి చెయ్యైనా ఫైవ్ ఈ ఎగ్జాషన్ (అక్కడి అలసట లెవెళ్లు) మీదకే పోతుంది. దాని జోలికి పోకండి. ఆర్స్ మంత్రగాడు కాస్త కూర్చుని ఊపిరి పీల్చుకుంటే మొదటి మెట్టు దిగిపోతుంది. ఫైవ్ ఈలో రాత్రంతా పడుకున్నా తగ్గేది ఒక్క లెవెలే.
మా ఆటలో ఏమైందంటే, విజార్డ్ ఒక కోటలోకి దూరాలి. తలుపు గడియ జరపడానికి రెగో టెర్రమ్, గోడకవతల ఎవరున్నారో తెలుసుకోడానికి ఇంటెలెగో కార్పస్, కాపలావాడి దివిటీ ఆర్పడానికి పెర్డో ఇగ్నెమ్. మూడూ చిల్లర పనులే. కానీ మూడో లెవెల్ ఎగ్జాషన్‌కి వచ్చేసరికి నడక సగమైంది, సేవింగ్ త్రోలన్నిటికీ (మంత్రాల్నీ ప్రమాదాల్నీ తప్పించుకునే రోల్స్‌కి) డిసడ్వాంటేజ్, అంటే పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి. లోపల ఎదురైన మొదటి హోల్డ్ పర్సన్ మంత్రానికే బిగుసుకుపోయాడు. మిగతా సెషనంతా ఫైటర్ వాణ్ణి భుజాన మోశాడు.
ఇప్పుడు హిట్ డైస్ ఖర్చు పెట్టిస్తున్నాం. ఐదో లెవెల్ విజార్డ్‌కి ఐదు డీ6లు (ఆరు ముఖాల పాచికలు) ఉంటాయి, లాంగ్ రెస్ట్‌కి (రాత్రి నిద్రకి) రెండే తిరిగొస్తాయి. షార్ట్ రెస్ట్‌లో దెబ్బలు మాన్పుకునే పాచికే మంత్రానికీ పోతుంది కాబట్టి ఎవరూ ఆపక్కర్లేదు, ప్లేయరే ఆచితూచి వేస్తాడు.

గుహలో_గుడ్లగూబ
అడక్కూడదేమో గానీ, నేరుగా ఆర్స్ మ్యాజికానే ఆడొచ్చుగా?

నిప్పురవ్వ
ఫైటర్ ఆడేవాడు ఒప్పుకోడు గురూ.

గుహలో_గుడ్లగూబ
అయితే వాడి గురించే ముందు ఆలోచించండి. ఆర్స్‌లో మంత్రగాళ్లు మిగతావాళ్లకన్నా బలంగా ఉండటం పొరపాటున జరిగింది కాదు, కావాలనే అలా పెట్టారు. ఆ తేడా ఎవరినీ బాధపెట్టకపోవడానికి కారణం, ప్రతి ప్లేయర్‌కీ ఒక మంత్రగాడూ ఒక కంపానియనూ (ముఖ్యమైన తోడు పాత్ర) ఉంటారు, గ్రాగ్‌లు (సేవకులు, కాపలావాళ్లు) అందరికీ ఉమ్మడి. ఈ కథలో నువ్వు మంత్రగాడివి, వచ్చే కథలో నేను. కొత్త మంత్రం రాసుకోవాలంటే ల్యాబ్‌లో సీజన్లకి సీజన్లు గడపాలి. ఇవేవీ తేకుండా టెక్నిక్, ఫామ్ మాత్రం పట్టుకొస్తే బ్రేకులు అక్కడే వదిలేసి బండి తెచ్చుకున్నట్టు.

మూడు_పాచికలు
పాచిక సంగతి ఎవరూ ఎత్తలేదు. మంత్రానికి డీ20 రోల్ పెడదామనుకుంటే కాస్త ఆగండి. ఆర్స్‌లో వేసేది డీ10, దాన్నీ కలిపాకే భాగిస్తారు, అంటే అదృష్టం వాటా సగమో అంతకన్నా తక్కువో. నేర్చుకున్న విద్యే ఎక్కువ మాట్లాడుతుంది. డీ20 అలా కాదు, ఐదో లెవెల్ విజార్డ్ రోల్‌కి కలిసే ప్లస్ 7ని అది మింగేస్తుంది.
మేం మంత్రాలకి మాత్రం 3డీ6 (మూడు డీ6లు కలిపి) వేస్తాం. ప్లస్ 7తో డీసీ (చేరాల్సిన అంకె) 15 అందుకోవాలంటే పాచికలో 8 రావాలి. డీ20తో 65 శాతం, 3డీ6తో దాదాపు 84. అదే డీసీ 20 అయితే 13 రావాలి. డీ20తో 40 శాతం, 3డీ6తో 26. చేతిలో పని తప్పదు, గొప్పలకి పోతే బోర్లా పడతాడు. కాకపోతే 20 పడ్డప్పటి కేకలుండవు, దానికి మా వాళ్లు ఇంకా సణుగుతూనే ఉంటారు.

లెక్కల_విజార్డ్
నేనైతే స్లాట్లు తియ్యను. ఆర్స్‌లోనే రెండు రకాలున్నాయి కదా, ముందే నేర్చుకున్న ఫార్ములాయిక్, అప్పటికప్పుడు అల్లే స్పాంటేనియస్. స్పెల్‌బుక్‌లో ఉన్నవన్నీ ఫార్ములాయిక్ అనుకోండి, స్లాట్లతోనే నడుస్తాయి. అల్లినవాటికి మాత్రం బైరాగి గారి హిట్ డైస్. చేతిలో ఉన్న పెద్ద స్లాట్‌కన్నా ఒక లెవెల్ తక్కువ దాకానే అనుమతి.
డామేజ్‌కి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో కొత్త స్పెల్ తయారుచేసే చోట ఒక పట్టిక ఉంది. మూడో లెవెల్‌కి ఒక్కడి మీదైతే 5డీ10, గుంపు మీదైతే 6డీ6. మూడో లెవెల్ మంత్రమైన ఫైర్‌బాల్ 8డీ6 అంటే ఆ పట్టిక లెక్కన అది ఐదో లెవెల్ సరుకు! కాబట్టి ఫైర్‌బాల్‌ని కొలతగా పెట్టుకోవద్దు, పట్టికనే పట్టుకోండి. మీ విజార్డ్ పెద్ద స్లాట్ మూడో లెవెల్, కాబట్టి అల్లగలిగేది రెండో లెవెల్ దాకా, అంటే గుంపు మీద 4డీ6. ఫైర్‌బాల్ నేర్చుకున్న విలువా పోదు, ఫైటర్ ముఖమూ మాడదు.

దివిటీ_పట్టినోడు
పెర్డో కార్పస్ జాగ్రత్త. "వాడి గుండె ఆపేస్తా" అని మొదటి రోజే అంటారు. ఆర్స్‌లో పార్మా మ్యాజికా లాంటి రక్షణలు, వాటిని మంత్రం ఛేదించే పెనెట్రేషన్ లెక్కలు ఉన్నాయి. ఇక్కడ అవేం లేవు. ఒక్క దెబ్బకి ప్రాణం తీసే పవర్ వర్డ్ కిల్ తొమ్మిదో లెవెల్, అదీ 100 హిట్ పాయింట్లు దాటనివాళ్ల మీదే. ఆ పేజీ తెరిచి చూపిస్తే వాదన అక్కడితో ఆగుతుంది.

సావేజ్_సాంబడు
ఇంత తంటా దేనికి? సావేజ్ వరల్డ్స్ అనే గేమ్‌లో ట్రాపింగ్స్ ఉంటాయి, మంత్రం అదే, వేషం వేరు. ఉన్న స్పెల్‌కే రూపం మార్చుకోనివ్వండి. చాలామందికి అదే సరిపోతుంది.

నిప్పురవ్వ
సాంబడు గారూ, వేషం మార్చి చూశాం, మా విజార్డ్ అమ్మాయికి సరిపోలేదు. స్లాట్లు ఉంచేసి, అల్లినవాటికి హిట్ డైస్, 3డీ6, పట్టిక, ఈ మూడూ పెడతా. ఫామ్‌లు పదీ ఇవ్వను, రెండు టెక్నిక్‌లు, మూడు ఫామ్‌లు ఎంచుకోమంటా. ఆమె ఎంచుకున్నవాటిలో ఇంటెలెగో మెంటెమ్ ఉంది. నా కథలో సగం రహస్యాలే!

డీఎం_బైరాగి
మనసు చదివే డిటెక్ట్ థాట్స్ మంత్రం రెండో లెవెల్. దాన్నే హద్దుగా పెట్టుకోండి. పైపై ఆలోచనలు ఊరికే తెలుస్తాయి. లోతుకి వెళ్తే ఎదుటివాడికి విజ్డమ్ సేవ్, పైగా ఎవరో తవ్వుతున్నారని వాడికి తెలిసిపోతుంది. మా విలన్‌కి అలా తెలిసిన రాత్రే ఊరొదిలి పారిపోయాడు, దాంతో నాకు ఇంకో నాలుగు సెషన్ల కథ దొరికింది.