ముందు సీఎఫ్‌ఏనా, ఎఫ్‌ఆర్‌ఎమ్మా? ఫైనాన్స్‌లోకి వచ్చేవాళ్లు ఏది చదవాలి?

కొత్తఅడుగు:
డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఫైనాన్స్‌లోనే స్థిరపడాలని గట్టిగా ఉంది. ఎవరిని అడిగినా "ముందు సీఎఫ్‌ఏ (పెట్టుబడుల విశ్లేషణ కోర్సు) మొదలుపెట్టు, మిగతావి తర్వాత" అంటున్నారు. ఎఫ్‌ఆర్‌ఎం (రిస్క్ నిర్వహణ కోర్సు), ఏసీసీఏ (అకౌంటింగ్ కోర్సు) చేస్తున్న సీనియర్లు మాత్రం అలా కాదంటున్నారు. ఫీజు కట్టేలోపు తేల్చుకోవాలి. మీరేమంటారు?

బాండ్‌బాబు:
సీఎఫ్‌ఏనే, రెండో మాట లేదు. షేర్లు, బాండ్లు, డెరివేటివ్స్ (వాటి ధరల మీద ఆధారపడే ఒప్పందాలు), పోర్ట్‌ఫోలియో (పెట్టుబడులన్నీ కలిపి చూసుకోవడం), ఎథిక్స్ అన్నీ ఒకే చోట దొరుకుతాయి. 1963 నుంచి ఛార్టర్ (సీఎఫ్‌ఏ హోదా పత్రం) ఇస్తున్నారు, ఏ దేశం వెళ్లినా అదేమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. డిగ్రీ పూర్తవడానికి 23 నెలల ముందు నుంచే మొదటి పరీక్ష లెవెల్ 1 రాయనిస్తారు కాబట్టి మీరు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

రిస్క్‌డెస్క్:
బాండ్‌బాబు గారూ, సీఎఫ్‌ఏ విలువ గురించి నాకు పేచీ లేదు. అన్ని రోగాలకూ అదే మందు అనడంతోనే పేచీ.

నేను బ్యాంకు రిస్క్ విభాగంలో పనిచేస్తాను. పొద్దున్నే మేం చూసేది వాల్యూ ఎట్ రిస్క్ లెక్క. "ఒక్క రోజులో నష్టం ఇంతకు మించదు" అని 99 శాతం నమ్మకంతో ఒక గీత గీస్తాం. ఏడాదికి 250 పనిదినాలనుకుంటే, రెండు మూడు సార్లు నష్టం ఆ గీత దాటడం సహజం. పదిసార్లు దాటితే బాసెల్ (బ్యాంకుల అంతర్జాతీయ) నిబంధనల ప్రకారం రెడ్ జోన్, అంటే మోడల్‌నే అనుమానించాలి. మార్కెట్టే అలా ఊగిందా, మా లెక్కే తప్పా అని తేల్చేదాకా టెన్షన్ తప్పదు. ఈ పనికి ఎఫ్‌ఆర్‌ఎం సిలబస్ అతికినట్టు సరిపోతుంది. రెండు పరీక్షలు: పార్ట్ 1లో 100 ప్రశ్నలు, పార్ట్ 2లో 80. పార్ట్ 2లో మార్కెట్ (ధరల ఊగిసలాట), క్రెడిట్ (అప్పు తిరిగి రాకపోవడం), ఆపరేషనల్ (పనిలో పొరపాట్లు, మోసాలు) రిస్కులకే 60 శాతం వెయిటేజీ. రెండేళ్ల అనుభవం చూపిస్తే సర్టిఫికెట్ చేతికొస్తుంది.

సీఎఫ్‌ఏకి మూడు లెవెల్స్, ఒక్కోదానికి 300 గంటలకు పైనే చదవాలి. ఏదీ తప్పకపోతేనే 900 గంటలు! 2021 జులైలో లెవెల్ 1 గట్టెక్కినవాళ్లు 22 శాతమే. ఆ తర్వాత ఫలితాలు మెరుగుపడ్డా, సగం మందికి పైగా తప్పడం మామూలే. అన్నీ పాసయ్యాక కూడా 4,000 గంటల సంబంధిత అనుభవం ఉంటేనే ఛార్టర్. ఇంత శ్రమ పడి చివరికి రిస్క్ సీట్లోనే కూర్చునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఆడిట్, కంపెనీ ఖాతాల వైపు మనసుంటే ఏసీసీఏ. కుటుంబాలకు పొదుపు, రిటైర్మెంట్ సలహాలిచ్చే పని కావాలంటే సీఎఫ్‌పీ (ఫైనాన్షియల్ ప్లానర్ కోర్సు). అవి వేరే దారులు, వీటితో పోటీ పెట్టడమే అనవసరం.

బాండ్‌బాబు:
కాలేజీలో ఉండగానే ఏ సీటు కావాలో ఎవరికి తెలుస్తుందండీ? అన్నీ కాస్త కాస్త చదివితేనే కదా ఇష్టం బయటపడేది! లెవెల్ 1లో ఎథిక్స్‌కి 15 నుంచి 20 శాతం ఇచ్చారు. పరాయి డబ్బు చేతిలో పెట్టుకునేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది అదే.

రిస్క్‌డెస్క్:
ఎథిక్స్ మాట ఒప్పుకుంటాను. ఇష్టం తెలుసుకోవడానికి మాత్రం అన్నేళ్లు, అంత ఫీజు అక్కర్లేదు.

కొత్తఅడుగు గారూ, ఏదైనా లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదిక డౌన్‌లోడ్ చేసుకుని నోట్స్‌తో సహా చదవండి. లాభం పెరిగినా వ్యాపారం నుంచి వచ్చిన నగదు తగ్గిందనుకోండి. రావాల్సిన బాకీలు పేరుకున్నాయా, సరుకు అమ్ముడవక మిగిలిందా, రేపు షేరు విలువ ఏమవుతుంది అని తవ్వుతూ టైం మర్చిపోతే, బాండ్‌బాబు గారి మాటే వినండి. ఈ కంపెనీ అప్పు కట్టలేకపోతే బ్యాంకుకి ఎంత పోతుందన్నదే బుర్రలో తిరిగితే ఎఫ్‌ఆర్‌ఎం. ఆ ఆదాయాన్ని ఏ నియమం ప్రకారం ఈ ఏడాదిలో చూపించారు అన్న దగ్గరే ఆగిపోతే ఏసీసీఏ. ఏ కంపెనీది చదివారో, ఎక్కడ ఆగారో ఇక్కడే రాయండి, అప్పుడు ఫీజు సంగతి మాట్లాడదాం.